బోరు పైపుకి వాటర్ మీటర్ పెట్టించి మూడు సీజన్లు వాడాను, నా రివ్యూ

కంపెనీ పేరు చెప్పట్లేదు, అడగొద్దు. ఈ రకం మీటర్లన్నీ లోపల ఒకేలా ఉంటాయి. పైపు మధ్యలో చిన్న ఫ్యాన్ లాంటిది నీళ్ళ వేగానికి తిరుగుతుంది, అది ఎన్ని చుట్లు తిరిగిందో పైన డయల్ లెక్కపెట్టి క్యూబిక్ మీటర్లలో చూపిస్తుంది, అంతే. ఒక క్యూబిక్ మీటర్ అంటే వెయ్యి లీటర్లు. మూడు సీజన్లు వాడాను కాబట్టి ఇప్పుడు రాస్తే కరెక్టుగా ఉంటుందని కూర్చున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి, లేనోళ్ళ కోసం స్టార్లు ఇక్కడే ఇచ్చేస్తున్నా: వస్తువుగా చూస్తే ఐదుకి నాలుగు. నీళ్ళు మిగులుస్తుందా అంటే ఐదుకి ఒకటి, అదీ మొహమాటానికి.

ఎందుకు పెట్టించానంటే, పొలం మొత్తం డ్రిప్‌లోకి మార్చి చాలా కాలమైంది, అయినా బోరులో మట్టం ఏటా కిందకే పోతోంది. డ్రిప్ వేస్తే సగం నీళ్ళు మిగుల్తాయని అమ్మినాయన చెప్పాడు, పాంప్లెట్లలో ఉంది, మీటింగుల్లో చెప్తారు, సరే మరి ఆ మిగిలిన సగం ఎక్కడికి పోయిందో తేల్చుకుందామని ఒక పిచ్చి పట్టింది నాకు. బోరు ఎన్ని నీళ్ళు పోస్తుందో ఎవరిని అడిగినా "రెండించులు పోస్తుంది", "మూడించులు పోస్తుంది" అంటారు తప్ప ఇన్ని లీటర్లు అని చెప్పే రైతు నాకు ఇంతవరకూ తగల్లేదు, నేను కూడా అదే బ్యాచ్.

ముందు ఫిట్టింగ్ సంగతి. ఇక్కడే సగం మంది దెబ్బతింటారు. ప్లంబర్ వచ్చి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ, అంటే బెండ్ పక్కనే బిగించి వెళ్ళిపోయాడు, ముల్లు ఊగుతూనే ఉంది, ఒక నిమిషం ఒకలా ఇంకో నిమిషం ఇంకోలా. తర్వాత కాగితం తీసి చదివితే తెలిసింది, మీటర్‌కి ముందు పైపు సైజుకి పది రెట్లు, వెనక ఐదు రెట్లు తిన్నగా ఉండాలంట. నాది నాలుగించుల పైపు, అంటే ముందు 40 అంగుళాలు, వెనక 20 అంగుళాలు మధ్యలో బెండు గానీ వాల్వు గానీ ఉండకూడదు. కంపెనీని బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది, మీ దాంట్లో ఏముందో చూసుకోండి. మళ్ళీ కోయించి, మళ్ళీ ఫ్లాంజీలు వేయించి, గాస్కెట్లు మార్పించి, ఒక రోజంతా పోయింది.

రెండో గొడవ గాలి. ఎండాకాలంలో బోరు ఆగి ఆగి పోస్తుంది కదా, అప్పుడు పైపులో సగం నీళ్ళు సగం గాలి వస్తాయి. మీటర్‌కి గాలి, నీళ్ళు తేడా తెలీదు, ఫ్యాన్ తిరిగితే లెక్క వేసేస్తుంది. పైపు సగమే నిండినా నిండుగా ఉన్నట్టే కొడుతుంది. దీనికి మందు ఏంటంటే మీటర్ దాటాక పైపుని కొంచెం పైకి లేపి కిందకి వంచడం, అప్పుడు మీటర్ దగ్గర పైపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ముందు ఒక ఎయిర్ వాల్వ్ కూడా పెడితే ఇంకా మంచిది. ఇసుక పోసే బోరైతే ఫిల్టర్ తర్వాత పెట్టుకోండి, లేకపోతే బేరింగ్ అరిగిపోయి ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, తక్కువ చూపిస్తుంది, మీరేమో నీళ్ళు పొదుపు చేస్తున్నామని మురిసిపోతూ ఉంటారు. ఫిల్టర్ తర్వాత పెడితే ఫిల్టర్ కడిగే నీళ్ళు లెక్కలోకి రావు, ఆ మాత్రానికి నేను సర్దుకున్నా.

ఎలక్ట్రోమాగ్నెటిక్ మీటర్లు కూడా ఉన్నాయి, వాటిలో తిరిగే పార్టే ఉండదు కాబట్టి ఇసుకతో బాధ లేదు, కాకపోతే బ్యాటరీ గానీ కరెంటు గానీ కావాలి, రేటు కూడా బాగా ఎక్కువ. పైపు బయట బెల్టుతో కట్టే అల్ట్రాసోనిక్ రకం ఇంకోటి ఉంది, అది ఒకటి అద్దెకి తెచ్చి నా మీటర్ కరెక్టా కాదా అని చూశా, దాదాపు కలిసింది. ఫ్యాన్ రకాలకి రెండు శాతం అటూ ఇటూ తేడా మామూలే అంటారు, నాకు అది చాలు, నేనేం బంగారం తూయట్లేదు.

ఇప్పుడు అసలు విషయం. నా బోరు గంటకి ఎంత పోస్తుందని మనసులో అనుకున్నానో దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంటే గంటకి 11 క్యూబిక్ మీటర్లు వస్తోంది. ఒక ఎకరంలో ఒక్క అంగుళం లోతు నీళ్ళు పెట్టాలంటే దాదాపు 103 క్యూబిక్ మీటర్లు కావాలి, ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంగుళం 25.4 మిల్లీమీటర్లు, గుణించి చూస్కోండి. అంటే నా బోరు తొమ్మిది గంటల పైన ఆడితే గానీ ఎకరానికి అంగుళం తడి అందదు. ఇన్నేళ్ళు గంటల లెక్కన మోటర్ వేస్తూ వచ్చా, గంటకి ఎంతో తెలీకుండా. మీటర్‌కి నేనిచ్చే నాలుగు స్టార్లలో రెండు ఈ ఒక్క జ్ఞానోదయానికే.

ఇక డ్రిప్ సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఎకరానికి పెట్టే నీళ్ళు తగ్గిన మాట నిజం, డైరీలో పాత తడుల లెక్కకీ ఇప్పటి రీడింగ్‌కీ బాగా తేడా ఉంది. కానీ సీజన్ మొత్తం తోడింది చూస్తే పాత లెక్కకి దగ్గర్లోనే ఉంది. ఎందుకంటే నీళ్ళు మిగిలాయి కదా అని పక్కన బీడుగా ఉన్న ముక్కలో కూడా లేటరల్స్, అంటే డ్రిప్ సన్న పైపులు, పరిచా, ఇంకోచోట ఆరుతడి పంట తీసేసి ఎక్కువ నీళ్ళు తాగేది వేశా. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నా చేతులతో నేనే వేశా. మిగిలిన సగం ఎక్కడికి పోయిందని వెతికానే, అది నా పొలంలోనే ఉంది!

ఇది నా ఒక్కడి తెలివి అనుకున్నా, తర్వాత వెతికి చదివితే లోకం అంతా ఇదే కథ. అమెరికాలో కాన్సాస్ రైతులకి నీళ్ళు వృథా కాని స్ప్రింక్లర్ నాజిల్స్‌కి మారమని గవర్నమెంట్ సబ్సిడీలు ఇచ్చింది, అక్కడ బోర్లకి మీటర్లు ఉన్నాయి కాబట్టి లెక్క దొరికింది, ఫైఫర్, లిన్ అని ఇద్దరు ఎకనామిస్టులు 2014లో పేపర్ వేశారు, మారిన తర్వాత నీళ్ళు తోడటం తగ్గకపోగా పెరిగిందని. ఎక్కువ నీళ్ళు తాగే పంటలు, ఎక్కువ విస్తీర్ణం, అచ్చం నా లాగే. 2018లో సైన్స్ పత్రికలో గ్రాఫ్టన్ వాళ్ళు దీనికి ఇరిగేషన్ ఎఫిషియెన్సీ పారడాక్స్ అని పేరు పెట్టి రాశారు. అసలు 1865లోనే జెవన్స్ అనే ఆయన బొగ్గు గురించి ఇదే చెప్పాడంట, ఇంజన్లు తక్కువ బొగ్గు తినేకొద్దీ దేశం మొత్తం మీద బొగ్గు వాడకం పెరుగుతుందని. సబ్సిడీ ఇచ్చేవాళ్ళకి ఇది తెలీదా అంటే తెలుసనే అనుకుంటా, కానీ పైపులు పంచడం ఈజీ, ఫోటో బాగా వస్తుంది, నువ్వు ఇంతకంటే తోడకూడదు అని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది.

ఇంకో మెలిక ఉంది, మీటర్‌కి నేను ఒక స్టార్ కోసింది దీనికే. మీటర్ తోడిన నీళ్ళు చెప్తుంది, ఖర్చయిన నీళ్ళు చెప్పదు. తేడా ఏంటంటే, కాలవలో పారించి తడి పెట్టినప్పుడు 100 లీటర్లు తోడితే ఒక 30 లీటర్లు వేరు దాటి కిందకి ఇంకి మళ్ళీ ఆ భూగర్భ జలాల్లోకే పోయాయనుకోండి, నిజంగా ఖర్చయింది 70. డ్రిప్ వేశాక 75 తోడి, 70 మొక్కకి పోయి, 5 మాత్రమే కిందకి ఇంకాయనుకోండి, అప్పుడూ ఖర్చయింది 70. మీటర్ చూస్తే 25 మిగిలినట్టు కనిపిస్తుంది, కింద నీళ్ళకి మాత్రం పైసా లాభం లేదు. కరెంటు మిగిలింది, ఎరువు కొట్టుకుపోవడం తగ్గింది, కలుపు తగ్గింది, అవన్నీ నిజమైన లాభాలే, కాదనట్లేదు. ఇంకిన నీళ్ళన్నీ మళ్ళీ పనికొస్తాయని కూడా కాదు, కింద ఉప్పు నీళ్ళు ఉన్నచోట అందులో కలిస్తే పోయినట్టే. కానీ ఇప్పుడు ఎవరైనా డ్రిప్ వేసి ఇన్ని కోట్ల లీటర్లు ఆదా చేశాం అని బోర్డు పెడితే నాకు ఒకటే డౌటు, తోడింది తగ్గిందా, ఖర్చు తగ్గిందా బాబూ.

ఆ ఖర్చయ్యే నీళ్ళని శాటిలైట్ నుంచి లెక్కగట్టే పద్ధతులు వచ్చాయి, పొలం మీద నుంచి ఎంత ఆవిరైపోతోందో చూస్తారు, అమెరికాలో 2021లో ఓపెన్‌ఈటీ అని వెబ్‌సైట్ కూడా పెట్టారు. స్పెయిన్‌లో తూర్పు లా మాంచా వైపు అయితే ఇంకా ముందు నుంచే రైతులు సంఘం పెట్టుకుని, సీజన్ ముందు ఎవరు ఏ పంట వేస్తారో ప్లాన్ ఇచ్చేసి, ఇచ్చిన ప్లాన్ ప్రకారం వేశారో లేదో శాటిలైట్ బొమ్మల్లో చూసుకుంటున్నారు, లక్ష హెక్టార్ల దాకా ఉంటుంది ఆ ఏరియా. మీటర్ కూడా అక్కర్లేదు వాళ్ళకి పెద్దగా. అదే దేశంలో పడమటి లా మాంచాలో ఇలా కుదరక బోర్లు తవ్వుకుంటూ పోయి, తబ్లాస్ ద దైమియల్ అనే చిత్తడి నేల ఎండిపోయి, 2009లో ఆ కింద ఎండిన మట్టి దానంతట అదే అంటుకుని కాలింది. నీళ్ళుండాల్సిన చోట భూమి లోపల నిప్పు.

మోసం సంగతి కూడా రివ్యూలో రాయాలి కదా. ఈ ఫ్యాన్ మీటర్లని మోసం చెయ్యడం చిన్న పిల్లల ఆట, ఎలాగో రాయను, కానీ పైపుకి మీటర్ రాకముందే ఒక టీ జాయింట్ పెట్టి నీళ్ళు పక్కకి లాగేసుకుంటే ఎవరు చూస్తారు. ఆస్ట్రేలియాలో మర్రే డార్లింగ్ నది ప్రాంతంలో 2017లో ఇదే గొడవ బయటపడితే, న్యూ సౌత్ వేల్స్ గవర్నమెంట్ కోసం ఎంక్వయిరీ చేసిన మాథ్యూస్ అనే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు, మీటర్ లేకపోతే పంపు లేదు అని. వినడానికి బావుంది. లక్షల బోర్లు, ఒక్కో బోరు కింద రెండు మూడు ఎకరాలు ఉన్నచోట ఆ లక్షల మీటర్లు ఎవరు చదవాలి, చెడిపోతే ఎవరు మార్చాలి. అందుకే చాలాచోట్ల నీళ్ళ మీటర్ వదిలేసి కరెంటు దగ్గర పట్టుకుంటారు.

కరెంటు దారి ఎలా ఉందంటే, గుజరాత్‌లో 2003 నుంచి 2006 లోపు జ్యోతిగ్రామ్ అని ఊళ్ళకి వెళ్ళే కరెంటు లైను, పొలాలకి వెళ్ళే లైను విడదీసేశారు, పొలాలకి రోజుకి ఎనిమిది గంటలు, కానీ ఫుల్ వోల్టేజ్‌తో, ముందే చెప్పిన టైముకి. మీటర్ లేకుండా మోటర్లకి కంచె వేసినట్టే. చైనాలో కొన్ని జిల్లాల్లో స్వైప్ కార్డు గీకితేనే మోటర్ తిరుగుతుంది, కాలిన కరెంటుని బట్టి నీళ్ళు లెక్కేస్తారు. తెలివైన పనే, కాకపోతే దాంట్లో ఒక లొసుగు ఉంది, నీటి మట్టం 40 మీటర్ల నుంచి 80 మీటర్లకి పడిపోతే అదే యూనిట్‌కి దాదాపు సగం నీళ్ళే పైకి వస్తాయి, కాబట్టి ఆ లెక్క అప్పుడప్పుడు సరిచూస్తూ ఉండాలి. పంజాబ్‌లో 2018లో ఇంకో ట్రిక్ పెట్టారు, ఇచ్చిన కోటా కంటే తక్కువ కరెంటు వాడితే మిగిల్చిన యూనిట్‌కి 4 రూపాయలు రైతు ఖాతాలో వేస్తామని. కొట్టడం కంటే ఇది నయం అనిపించింది నాకు, చేరేవాళ్ళే చేరతారు అనుకోండి, అది వేరే సంగతి.

అదే పంజాబ్ దగ్గర మీటర్ గానీ కార్డు గానీ లేని ఇంకో ప్రోడక్ట్ ఉంది, క్యాలెండర్. 2009లో చట్టం వచ్చినప్పుడు పెట్టిన రూలు, మే 10 కంటే ముందు నారు పొయ్యకూడదు, జూన్ 10 కంటే ముందు వరి నాటకూడదు (ఆ తేదీలు తర్వాత మారాయి), మాట వినకపోతే హెక్టారుకి నెలకి పది వేలు ఫైన్, నాటింది దున్నేసే అధికారం కూడా రాసుకున్నారు. ఎండలు మండిపోయే రోజుల్లో మడిలో నీళ్ళు నిలబెడితే ఆవిరైపోయేదే ఎక్కువ కాబట్టి లాజిక్ కరెక్టే, చెక్ చెయ్యడం కూడా సుఖం, గట్టు మీద నిలబడి చూస్తే తెలిసిపోతుంది నాటాడో లేదో. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతలు కూడా జరుగుతాయి కదా, గోధుమకి టైం తక్కువైపోయి గడ్డి తగలబెట్టడం నవంబర్ వైపు జరిగింది, అప్పుడు గాలి కదలదు, పొగంతా అక్కడే నిలబడిపోతోంది. నీళ్ళ జబ్బుకి మందు వేస్తే ఊపిరి జబ్బు వచ్చింది. పైగా వరి వరిలాగే ఉంది, రాష్ట్రం మొత్తం మీద ఏటా తోడుకోవచ్చని లెక్కగట్టిన దానికి ఒకటిన్నర రెట్ల పైనే తోడుతున్నారు ఇప్పటికీ. కొనే ధాన్యం ఏదో దాన్నే కదా రైతు వేసేది, అక్కడ మద్దతు ధర వరికి గ్యారంటీగా దొరుకుతుంటే క్యాలెండర్ ఒక్కటి ఏం చేస్తుంది. సౌదీ అరేబియా అయితే ఎడారిలో భూగర్భ జలాలు తోడి గోధుమ పండించి ఎగుమతి కూడా చేసి, 2008లో ఇక చాలు అని, 2016కల్లా స్థానిక గోధుమ కొనడం ఆపేస్తామని చెప్పేసింది. తోడేసిన నీళ్ళు వేల ఏళ్ళ కిందటివి, తిరిగి రావు.

నా పక్క పొలం పెద్దాయన గురించి చెప్పాలి. మీటర్ బిగించిన రోజు గట్టు మీద నిలబడి చూస్తూ "ఏంట్రా అబ్బాయ్, పైపుకి గడియారం కట్టావ్" అన్నాడు. చెప్పా ఇలా ఇలా బాబాయ్, ఎంత తోడుతున్నామో తెలిస్తే తగ్గించుకోవచ్చు అని. కాసేపు ఆలోచించి "మంచిదే, తగ్గించు తగ్గించు, నువ్వు ఆపిన నీళ్ళు ఎటూ పోవు, నా బోర్లోకే వస్తాయి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు మండింది గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే భూగర్భ జలాల పాలసీ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. పైన గట్లున్నాయి, కింద గట్లు లేవు. నేనొక్కడినే తగ్గిస్తే దాని ఫలం ఆయనకి, ఆయనొక్కడే తగ్గిస్తే నాకు, కాబట్టి ఇద్దరం తగ్గించం. ఐదుకి ఒక్క స్టార్ అని మొదట్లో అన్నది దీనికే. మీటర్ ఒక్క పైపుకి ఉంటుంది, నీళ్ళు అందరి కింద ఉంటాయి.

మీటర్‌కి ఐదుకి ఐదు ఇప్పించిన చోటు కూడా ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, నాకు చాలా నచ్చింది. మళ్ళీ కాన్సాస్‌లోనే, వాయవ్య మూల షెరిడన్ 6 అని ఒక ముక్క, సుమారు 100 చదరపు మైళ్ళు. ఒగలాలా అని ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న పెద్ద నీటి పొర ఉంది కదా, దాని మీదే. అక్కడ వాన నుంచి భూమిలోకి దిగేది ఏడాదికి అంగుళం కూడా ఉండదు, తోడేది మాత్రం దానికి ఎన్నో రెట్లు. అక్కడి రైతులే మీటింగులు పెట్టుకుని, మేమే తగ్గించుకుంటాం, రూలు మేమే రాసుకుంటాం, దానికి చట్టం బలం ఇవ్వండి అని అడిగారు. 2012లో ఆ వీలు కల్పిస్తూ చట్టం వచ్చింది, 2013 నుంచి అమలు. రూలు ఏంటంటే ఐదేళ్ళకి ఎకరానికి 55 అంగుళాలు. ఏడాదికి 11 అనలేదు చూడండి, ఐదేళ్ళకి కలిపి 55 అన్నారు. వానలు బాగా పడ్డ ఏడు తక్కువ తోడి దాచుకో, కరువు ఏడు ఎక్కువ తోడుకో, ఏ పంటకి ఎంత పెట్టుకుంటావో నీ ఇష్టం. మించితే ఫైన్, నీటి హక్కు సస్పెండ్ చేసే దాకా పోతుంది. మీటర్లు ముందే ఉన్నాయి, అందరికీ ఉన్నాయి, ఎవరెంత వాడారో ఏటా రాసి ఇవ్వాలి, అది రహస్యం కూడా కాదు.

టార్గెట్ 20 శాతం తగ్గించడం. డ్రైస్‌డేల్, హెండ్రిక్స్ అనే ఇద్దరు తర్వాత లెక్క కడితే చుట్టుపక్కల వాళ్ళతో పోలిస్తే దాదాపు 26 శాతం తగ్గిందని తేలింది, అదీ ఎక్కువ భాగం ఎకరాలు తగ్గించి కాదు, ఉన్న ఎకరాలకే తక్కువ తడి ఇచ్చి. మొక్కజొన్న దిగుబడి కొంచెం తగ్గింది, కానీ విత్తనాలు, ఎరువులు, పంపు ఖర్చు అన్నీ తగ్గడంతో చేతికి మిగిలేది పెద్దగా తగ్గలేదని ఇంకో స్టడీ. ఐదేళ్ళు అయ్యాక వాళ్ళే 2018లో మళ్ళీ ఐదేళ్ళకి పొడిగించుకున్నారు. తగ్గుదల ఆగిపోయిందా అంటే ఆగలేదు, నెమ్మదించింది, అంతే.

నా లెక్కలోకి మార్చుకుంటే 11 అంగుళాలంటే ఎకరానికి ఏడాదికి 1,130 క్యూబిక్ మీటర్లు, అంటే 11 లక్షల లీటర్ల పైన. ఈ నంబర్ నా డయల్ పక్కన పెయింట్‌తో రాసి పెట్టుకున్నా. నా నేల వేరు, వాన వేరు, దాంతో నాకు సంబంధం లేదు నిజానికి, కానీ మీటర్ పక్కన ఒక గీత లేకపోతే ఆ అంకెలు ఎంత పెరిగినా మనకి చీమ కుట్టినట్టైనా ఉండదు. మొదటి సీజన్‌లో నేను చేసిన తప్పు అదే, రోజూ రీడింగ్ రాసుకున్నా, రాసుకుని ఏం చెయ్యాలో తెలీలేదు.

రేటు పెట్టి తగ్గించిన వాళ్ళు కూడా ఉన్నారు, కొలరాడోలో శాన్ లూయిస్ వ్యాలీ రైతులు తోడే నీళ్ళ మీద వాళ్ళకి వాళ్ళే ఫీజు వేసుకున్నారు, వాడకం మూడో వంతు దాకా తగ్గింది. కాలిఫోర్నియాది ఇంకో టైపు, అక్కడ 2014 దాకా రాష్ట్రం మొత్తానికి భూగర్భ జలాల చట్టమే లేదు, శాన్ వాకీన్ లోయలో నేల ఒకచోట 1925 నుంచి 1977 లోపు దాదాపు తొమ్మిది మీటర్లు కుంగిపోయిన ఫోటో కళ్ళ ముందు ఉండి కూడా. ఇప్పుడు ముఖ్యమైన బేసిన్లకి, అంటే భూగర్భ జలాల ప్రాంతాలకి, లోకల్ ఏజెన్సీలు పెట్టి, బాగా దెబ్బతిన్నవాటికి 2040 దాకా గడువిచ్చారు. గడువు పెద్దదైతే మొదటి ఐదారేళ్ళు ఎవరెక్కువ తోడుకుంటే వాళ్ళదే రాజ్యం అన్నట్టు ఉంటుందేమో అని నా అనుమానం.

మరి మీటర్లూ లేక, కోటాలూ లేక చేసింది ఉందా అంటే ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో, ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో ఏపీఫామ్స్ అని ఒక ప్రాజెక్టు నడిచింది, ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకి పైగా పల్లెల్లో. రైతులే వాన కొలిచేవాళ్ళు, పదిహేను రోజులకోసారి బోర్లో మట్టం కొలిచేవాళ్ళు, రబీ ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎంత ఉంది, వేద్దామనుకుంటున్న పంటలకి ఎంత కావాలి అని లెక్కేసేవాళ్ళు. ఆంక్షలేం లేవు, తెలిసి ఎవరికి వాళ్ళే మార్చుకోవాలి. చాలామంది తక్కువ నీటి పంటలకి మారారని ఒక పక్క రిపోర్టులు, ప్రాజెక్టు డబ్బులు అయిపోయాక కొలతలు సన్నగిల్లాయని ఇంకో పక్క విమర్శ. రెండూ నిజమే అయ్యుంటాయి. ఎవరో ఒకరు నెలకి రెండుసార్లు టేపు పట్టుకుని తిరగాలంటే ఆ ఒకరికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆ టేపు మాత్రం తప్పకుండా కొనుక్కోండి, మీటర్ కంటే ముందు అదే కొనమంటా. కేసింగ్ లోపలికి వదిలితే నీళ్ళు తగలగానే కుయ్ మంటుంది, ఎన్ని మీటర్ల కింద ఉందో టేపు మీద చదువుకోవడమే. మోటర్ వెయ్యకముందు, పొద్దున్నే కొలవాలి, రాత్రంతా నీళ్ళు ఊరి మట్టం స్థిరపడి ఉంటుంది. మోటర్ ఆడుతున్నప్పుడు కొలిస్తే గుండె ఆగుతుంది, పట్టించుకోకండి. మోటర్ కేబుల్, పైపు మధ్యలో టేపు చిక్కుకుంటే లాగి తెంపకండి, నాది ఒకటి లోపలే ఉండిపోయింది. నేలలో తేమ చూసే టెన్షియోమీటర్ కూడా వాడి చూశా, పంజాబ్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళది అయితే రంగు పట్టీలు ఉంటాయి, పచ్చరంగులో ఉంటే నీళ్ళు పెట్టక్కర్లేదు, పసుపు దాకా వచ్చాక పెట్టొచ్చు, చదువు రానోళ్ళకి కూడా అర్థమవుతుంది. నాకు తడుల మధ్య గ్యాప్ పెరిగింది ఎక్కువగా దీనివల్లే.

మూడో సీజన్‌లో చేసింది ఒకటే, ఆ బీడు ముక్కలో లేటరల్స్ చుట్టి షెడ్డులో పడేశా. రీడింగ్ మొదటిసారి నిజంగా తగ్గింది. బోరు మట్టం మాత్రం తగ్గుతూనే ఉంది, చుట్టూ పది బోర్లుంటే ఒక్కదాని వల్ల ఏమవుతుంది. అద్దెకి తెచ్చిన ఆ బెల్టు మీటర్ తిరిగి ఇచ్చేముందు బాబాయ్ పైపుకి కూడా ఒక రోజు కట్టి చూపించా, వద్దు వద్దంటూనే పక్కన కూర్చున్నాడు. గంటకి తొమ్మిది వచ్చింది. "నీకు పదకొండు కదా" అన్నాడు. అప్పటినుంచి నాకంటే ఎక్కువ ఆయనకే ఇంట్రెస్టు, నా రీడింగ్ ఎంతుందో వచ్చి చూసి పోతున్నాడు, ఆయన నీళ్ళు నేనే లాగేస్తున్నానని డౌటు. ఎలాగోలా ఇద్దరం ఒక డయల్ చూస్తున్నాం, పక్కన ఇంకో ఇద్దరు కూడా వచ్చి ఒక గీత పెట్టుకుందామా అని అడిగారు, ఎంత దగ్గర పెట్టాలన్న దాని మీద ఇంకా తెగట్లేదు.

ప్రస్తుతానికి కంప్లైంట్ ఒక్కటే, డయల్ అద్దం లోపల ఆవిరి పట్టి చివరి రెండు అంకెలు కనిపించట్లేదు. మొన్న బాబాయ్ వచ్చి టార్చి వేసి చూసి, కావాలనే పట్టించావ్ అన్నాడు. విప్పితే సీలు పోతుందేమో అని ముట్టుకోలేదు, విప్పకుండా ఆరబెట్టే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.